పవర్ స్టీరింగ్‌లో ఆయిల్ నింపడం, గాలి తీయడం: ఇంజిన్‌ను ఆఖరున స్టార్ట్ చేయాల్సిన కారణం

హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ (ఆయిల్ ఒత్తిడితో సాయం చేసేది) ఉన్న కారుకు ర్యాక్, అంటే ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పే భాగం, మార్చినా, పంపు మార్చినా, పగిలిన ప్రెషర్ పైపు తీసి కొత్తది బిగించినా, చివరకు నల్లబడిన ఆయిల్‌ను దించి కొత్త ఆయిల్ పోసినా, ఆ వ్యవస్థలోకి ఎంతో కొంత గాలి చేరక మానదు. ఆ గాలిని బయటకు పంపే పనిని మెకానిక్‌లు బ్లీడింగ్ అనో, ఎయిర్ తీయడం అనో అంటారు. చిన్న పని కావడంతో దానికి దక్కే శ్రద్ధ కూడా చిన్నదే. పంపుకు ఆయిల్ అందించే డబ్బా నిండా ఆయిల్ పోయడం, ఇంజిన్ స్టార్ట్ చేయడం, స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు గబగబా తిప్పడం, మట్టం పడిపోతే మళ్లీ పోయడం, మూత బిగించి బండిని అప్పగించడం అనే వరుస చాలాచోట్ల కనిపిస్తుంది. కొన్నిసార్లు ఇది సరిపోతుంది కూడా. సరిపోనప్పుడు మాత్రం రెండు రోజులు తిరగకముందే బండి మూలుగుతూ వెనక్కి వస్తుంది. డబ్బా మూత తీస్తే లోపల ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గులాబీ రంగు నురుగై కనిపిస్తుంది. పంపు పోయిందన్న తీర్పు వెలువడి, బాగున్న పంపు స్థానంలోకి మరొకటి వచ్చి, అదీ కొద్ది రోజులకు అలాగే మూలుగుతుంది.

ఈ వరుసలో అసలు లోపం ఇంజిన్‌ను మరీ ముందుగా స్టార్ట్ చేయడం. వ్యవస్థలో గాలి పెద్ద పెద్ద బుడగలుగా ఉన్నంతసేపు దాన్ని బయటకు రప్పించడం తేలిక. పంపు ఒక్కసారి ఆ బుడగలను నలగ్గొట్టి ఆయిల్‌లో కలిపేశాక అదే గాలిని వదిలించడానికి గంటలు పడుతుంది. ఆయిల్ నింపడం, గాలి తీయడం గురించి కంపెనీల సర్వీస్ మాన్యువల్స్‌లో కనిపించే సూచనల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. వాటిని మొక్కుబడిగా కాకుండా అర్థం చేసుకుని పాటించాలంటే ఆయిల్ ఎలా తిరుగుతుందో, గాలి అందులో ఎలా నడుచుకుంటుందో ముందుగా చూడాలి.

బ్రేకులకు గాలి తీసిన అనుభవం ఇక్కడ కొంత దారి తప్పిస్తుంది. బ్రేక్ లైను ఒక చివర మూసుకుపోయిన గొట్టం. అందులో ఆయిల్ కాస్త ముందుకూ వెనక్కూ జరుగుతుందే తప్ప చుట్టి తిరిగి రాదు. కాబట్టి ప్రతి చక్రం దగ్గరా నిప్పిల్ (గాలి వదిలే చిన్న మర) వదులు చేసి గాలిని అక్కడే బయటకు వదలాలి. స్టీరింగ్‌లో ఆయిల్ డబ్బా నుంచి పంపుకు, పంపు నుంచి ప్రెషర్ పైపు ద్వారా స్టీరింగ్ వాల్వుకు, అక్కడి నుంచి రిటర్న్ పైపు మీదుగా మళ్లీ డబ్బాకు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు వాల్వులోని దారులన్నీ తెరిచే ఉంటాయి. ఆయిల్ కొద్దిపాటి ప్రెషర్‌తో ఊరికే వచ్చిపోతుంటుంది. స్టీరింగ్ తిప్పగానే షాఫ్టులో ఉన్న సన్నని టార్షన్ బార్ కొద్దిగా మెలితిరిగి, వాల్వు ఒక దారిని ఇరుకు చేసి మరో దారిని తెరుస్తుంది. అప్పుడు ఆయిల్ ర్యాక్‌లోని పిస్టన్‌కు ఒక పక్కన ఉన్న గదిలోకి వెళ్లి దాన్ని నెడుతుంది, రెండో పక్క గదిలోని ఆయిల్ రిటర్న్ పైపులోకి వెళ్లిపోతుంది. అమెరికాలోని పియర్స్-యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేసిన ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1920లలో రూపొందించిన పద్ధతికి ఆయువుపట్టు ఈ తెరిచి ఉండే వాల్వే. ఆయన 1926 నాటికే దాన్ని నడిచే కారులో చూపించినా, అమ్మకానికి వచ్చిన కారులో పవర్ స్టీరింగ్ కనిపించడానికి 1951 నాటి క్రైస్లర్ ఇంపీరియల్ దాకా ఆగాల్సి వచ్చింది. అవసరం లేనప్పుడు కూడా ఆయిల్ తిరుగుతూ ఉండటం వల్ల గాలి ఎక్కడ ఉన్నా చివరకు డబ్బాకే చేరుతుంది. అందుకే చాలా కార్ల స్టీరింగ్ ర్యాక్‌లకు బ్లీడింగ్ నిప్పిల్ అనేదే ఉండదు.

అయితే గాలి డబ్బా దాకా రావడం ఒక సంగతి, డబ్బాలో పైకి తేలి బయటపడటం మరో సంగతి. రెండోదానికి సమయం కావాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ సమయం దొరకదు. కార్లలో వాడే వేన్ పంపు (తిరిగే రెక్కలతో ఆయిల్‌ను తోసేది) ఒక చుట్టుకు సుమారు 8 నుంచి 10 మి.లీ. ఆయిల్ తోస్తుంది. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు, పంపు నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నదనుకుంటే నిమిషానికి ఆరున్నర నుంచి ఎనిమిది లీటర్ల ఆయిల్ కదులుతున్నట్టు. మామూలు కారులో మొత్తం ఆయిల్ ఒక లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, డబ్బాలో ఉండేది అందులో మూడోవంతు. అంటే డబ్బాలోకి వచ్చిన ఆయిల్ అక్కడ రెండున్నర, మూడు సెకన్లకు మించి నిలవదు. అంతలోనే పంపు దాన్ని మళ్లీ లాగేసుకుంటుంది.

ఇప్పుడు బుడగ సంగతి. చిక్కటి ద్రవంలో చిన్న బుడగ పైకి తేలే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది: వ్యాసం పదో వంతుకు తగ్గితే వేగం నూరో వంతుకు పడిపోతుంది. 40 డిగ్రీల దగ్గర ఉన్న స్టీరింగ్ ఆయిల్ చిక్కదనంతో లెక్క వేస్తే, 1 మి.మీ. బుడగ సెకనుకు సుమారు 13 మి.మీ. పైకి లేస్తుంది, పది సెంటీమీటర్ల లోతు నుంచి ఎనిమిది సెకన్లలో పైకి వచ్చేస్తుంది. అదే లోతు నుంచి 0.1 మి.మీ. బుడగ పైకి రావడానికి సుమారు పదమూడు నిమిషాలు పడుతుంది. డబ్బాలో దొరికే రెండున్నర సెకన్లలో పెద్ద బుడగ మూడు సెంటీమీటర్లు లేచి తప్పించుకోగలదు; చిన్న బుడగ అర మిల్లీమీటరైనా లేవకముందే పంపులోకి పోతుంది. ఇంజిన్ ఎంతసేపు నడిపినా నురుగు తగ్గకపోగా పెరుగుతున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. పంపు రెక్కలు పెద్ద బుడగలను కవ్వంలా చిలికి చిన్నవి చేస్తూపోతుంటాయి, చిన్నవి తేలలేక తిరుగుతూనే ఉంటాయి.

ఇందులో మరో మెలిక ఉంది. ఖనిజ తైలంలో మామూలు వాతావరణ పీడనం దగ్గరే దాని ఘనపరిమాణంలో సుమారు 8 నుంచి 9 శాతం గాలి కంటికి కనిపించకుండా కరిగి ఉంటుంది. ఆ కరిగిన గాలి వల్ల ఇబ్బంది లేదు. కానీ పీడనం పెరిగేకొద్దీ కరిగే గాలి కూడా ఆ దామాషాలోనే పెరుగుతుంది. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడు ప్రెషర్ 70, 80 బార్లకు (ఒక బార్ దాదాపు వాతావరణ పీడనమంత), కొన్ని బండ్లలో అంతకు మించీ పోతుంది. ఆ ఒత్తిడిలో బుడగలు ఆయిల్‌లో కరిగిపోయి, వాల్వు దాటి రిటర్న్ పైపులోకి రాగానే ఒత్తిడి పడిపోవడంతో లెక్కలేనన్ని సన్నటి బుడగలుగా మళ్లీ బయటపడతాయి. ఇంజిన్ నడుపుతూ స్టీరింగ్‌ను చివర పట్టి ఉంచితే గాలి పోతుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. పైగా ఆ స్థితిలో పంపు శక్తి అంతా రిలీఫ్ వాల్వు (ఒత్తిడి హద్దు మించితే తెరుచుకునేది) దగ్గర వేడిగా మారుతుంది కాబట్టి ఐదు సెకన్లకు మించి అలా పట్టుకోవడం పంపుకూ, సీళ్లకూ మంచిది కాదు.

పని మొదలుపెట్టే ముందు బండిలో అసలు ఆయిల్ ఉందో లేదో చూసుకోవాలన్నది నవ్వు తెప్పించే సలహాలా కనిపించవచ్చు. కానీ నేడు రోడ్డు మీద ఉన్న చిన్న కార్లలో అత్యధికం ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌తో వస్తున్నాయి. జపాన్‌లో సుజుకి 1988లో సెర్వో కారుతో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో మోటారే నేరుగా సాయం చేస్తుంది. డబ్బా, పైపులు, ఆయిల్ ఏవీ ఉండవు. ఇన్నోవా క్రిస్టా, బొలెరో వంటి బండ్లలో, పాత సెడాన్‌లలో, లారీల్లో, బస్సుల్లో మాత్రం హైడ్రాలిక్ పద్ధతి నిలిచి ఉంది. ఈ రెండింటి మధ్య మరో రకం ఉంది: సాయం చేసేది ఆయిలే అయినా పంపును బెల్టు బదులు ఎలక్ట్రిక్ మోటారు తిప్పుతుంది. అలాంటి బండిలో ఇంజిన్ స్టార్ట్ చేయకపోయినా తాళం తిప్పితే పంపు తిరగవచ్చు. కాబట్టి కింద చెప్పే పనుల్లో ఇంజిన్ ఆపి ఉంచాలన్న చోట తాళం కూడా తీసేసి ఉంచాలని అర్థం చేసుకోవాలి.

ఆయిల్ ఎంపికలో మొహమాటానికి తావులేదు. టయోటా కార్లు చాలా కాలం డెక్స్‌రాన్-2 లేదా 3 రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌నే స్టీరింగ్‌లోనూ వాడమన్నాయి. ఎర్రగా కనిపించేది అదే. హోండా తన సొంత స్టీరింగ్ ఆయిల్‌నే పోయమంటుంది, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ వద్దంటుంది. జర్మన్ కార్లలో చాలావాటికి ఆకుపచ్చ రంగు సింథటిక్ హైడ్రాలిక్ ఆయిల్ కావాలి. రంగు ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటే అని చెప్పలేం కాబట్టి డబ్బా మూత మీద, మాన్యువల్‌లో రాసి ఉన్నదే ప్రమాణం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది బ్రేక్ ఆయిల్ పోయడం. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ ఈథర్‌తో చేసినది. ఖనిజ తైలం కోసం తయారైన రబ్బరు సీళ్లను అది ఉబ్బించి మెత్తబరుస్తుంది. పొరపాటును పోసిన వెంటనే గుర్తించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా సిరంజితో డబ్బా మొత్తం లాగేస్తే నష్టం అక్కడితో ఆగే అవకాశం ఉంది. ఇంజిన్ నడిచిందంటే ఆ ఆయిల్ అన్ని సీళ్లనూ తాకినట్టే, ఇక ఫ్లషింగ్ ఒక్కటే సరిపోతుందని నమ్మడం కష్టం. నురుగు తగ్గిస్తాయని అమ్మే అదనపు మందుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆయిల్‌లో నురుగును అదుపు చేసే పదార్థాలు కంపెనీ వాళ్లే అతి స్వల్ప మోతాదులో కలుపుతారు. సిలికాన్ రకం పదార్థాలు పైన తేలిన నురుగును విరగ్గొడతాయి కానీ, మోతాదు మించితే లోపల ఉన్న సన్నటి బుడగలు పైకి రావడాన్ని ఆలస్యం చేస్తాయి. అందువల్ల విడిగా మందు కలిపినందువల్ల చూపుకు మాత్రమే బాగుపడే ప్రమాదం ఉంది.

పాత ఆయిల్ తీయడంలోనే గాలి ఎక్కువగా చేరుతుంది. మామూలు పద్ధతి డబ్బా దగ్గర రిటర్న్ పైపు ఊడదీసి దాని కొసను ఒక సీసాలో పెట్టడం, డబ్బాకు ఉన్న రిటర్న్ రంధ్రాన్ని రబ్బరు మూతతో మూయడం, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పుతూ ఆయిల్‌ను బయటకు నెట్టడం. ఇక్కడ తొందర కోసం ఇంజిన్ స్టార్ట్ చేసేవారున్నారు. పైన వేసిన లెక్కను గుర్తు తెచ్చుకుంటే అందులోని అపాయం తెలుస్తుంది: సెకనుకు వంద మి.లీ.కి పైగా లాగే పంపు ముందు 300 మి.లీ. డబ్బా మూడు సెకన్లలో ఖాళీ అవుతుంది. ఒకరు స్టార్ట్ చేసి, మరొకరు పోస్తూ ఎంత చురుగ్గా ఉన్నా పంపు ఒకసారైనా గాలి మింగుతుంది; ఆయిల్ లేకుండా తిరిగిన ఆ కొద్ది క్షణాల్లోనే రెక్కల మీద గీతలు పడవచ్చు. ఇంజిన్ ఆపి, చక్రాలను పైకెత్తి, చేత్తో స్టీరింగ్ తిప్పితే ర్యాక్‌లోని ఆయిల్ చాలావరకు వచ్చేస్తుంది. పంపులో, పైపుల్లో కొంత పాతది మిగిలినా, దాన్ని రెండు మూడు వేల కిలోమీటర్ల తర్వాత మరోసారి డబ్బా ఖాళీ చేసి నింపడం ద్వారా పలుచన చేయవచ్చు. పూర్తిగా మార్చాలన్న పట్టుదలతో పంపును ఎండబెట్టడం కన్నా ఇది మేలు.

కొత్త ఆయిల్ పోసే ముందు డబ్బా లోపలి జల్లెడను చూడాలి. చాలా డబ్బాల అడుగున సన్నటి వల ఉంటుంది. పాత పంపు అరిగి రాలిన లోహపు పొడి, రబ్బరు ముక్కలు దాన్ని కప్పేస్తే పంపుకు ఆయిల్ అందే దారి ఇరుకవుతుంది, పంపు గట్టిగా లాగాల్సి వస్తుంది, ఆ లాగుడులో కరిగి ఉన్న గాలి ఆయిల్ నుంచి విడిపోయి బుడగలవుతుంది. బయటి నుంచి ఒక్క బుడగ రాకపోయినా నురుగు పుట్టే సందర్భం ఇది. వల శుభ్రం కాకపోతే డబ్బా మార్చడం తప్ప వేరే దారి లేదు, అదృష్టవశాత్తూ పంపుతో పోలిస్తే డబ్బా చవకే. ఆయిల్ క్యాన్‌ను ఊపకుండా, గరాటా అంచు డబ్బా గోడకు ఆనేలా పెట్టి, సన్నటి ధారగా పోయాలి. పై నుంచి ధారకట్టి పోస్తే ఆ ధారే గాలిని తనతో లోపలికి తీసుకెళ్తుంది.

తర్వాతి అడుగు ముందు చక్రాలు రెండింటినీ నేల నుంచి లేపడం. జాక్ మీద మాత్రమే వదిలేయకుండా స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు దిమ్మెలు వేసి, హ్యాండ్‌బ్రేక్ పట్టాలి. చక్రాలు ఎత్తడం శ్రమ తగ్గించడానికే అనుకుంటారు కానీ దానికి మరో ఉపయోగం ఉంది. టైరు నేల మీద ఉంటే దాన్ని తిప్పడానికి ర్యాక్‌లో ఒత్తిడి పెరగాలి, ఒత్తిడి పెరిగితే గాలి కరుగుతుంది. చక్రం గాల్లో ఉంటే ర్యాక్ దాదాపు ఒత్తిడి లేకుండానే అటూ ఇటూ జరుగుతుంది, గాలి గాలిగానే డబ్బా వైపు కదులుతుంది.

డబ్బాను చల్లటి ఆయిల్ గుర్తు దాకా నింపి, మూత తీసే ఉంచి, ఇంజిన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా తిప్పాలి. నెమ్మది అంటే ఒక చివర నుంచి మరో చివరకు పది సెకన్లకు తగ్గకుండా అని పెట్టుకోవచ్చు. గబగబా తిప్పితే ర్యాక్‌లో పెద్దదవుతున్న గది ఆయిల్ అందేలోపు గాలినే లాక్కుంటుంది. ప్రతి చివరా ఒక క్షణం ఆగి, గట్టిగా ఒత్తకుండా వెనక్కి తిప్పాలి. మొదటి నాలుగైదు విడతల్లో డబ్బాలోకి పెద్ద బుడగలు గుబగుబమంటూ వస్తాయి, మట్టం కిందికి జారుతుంది. రిటర్న్ రంధ్రం ఎన్నడూ బయటపడకుండా వెంటవెంటనే ఆయిల్ పోస్తుండాలి. అది ఒక్కసారి గాల్లోకి తేలితే అప్పటిదాకా చేసిన పని వృథా. పాత ర్యాక్ అలాగే ఉంటే పది పదిహేను విడతల్లో బుడగలు ఆగిపోతాయి. కొత్త ర్యాక్ ఖాళీగా వస్తుంది కాబట్టి ఇరవై దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అంకె కన్నా డబ్బాలో కనిపించేదే ముఖ్యం: వరుసగా నాలుగైదు విడతలు ఒక్క బుడగ రాకుండా, మట్టం కదలకుండా ఉంటే ఆ దశ ముగిసినట్టు. అప్పుడు కూడా ఇంజిన్ జోలికి పోకుండా పది పదిహేను నిమిషాలు బండిని అలా వదిలేయాలి. ఇందాకటి లెక్కలో 0.1 మి.మీ. బుడగకు కావలసిన పదమూడు నిమిషాలు ఇవే. వర్క్‌షాపుల్లో ఎవరికీ నచ్చని దశ ఇది, ఎందుకంటే బండి దగ్గర ఎవరూ ఏమీ చేస్తున్నట్టు కనిపించదు.

కొన్ని కంపెనీలు ఈ దశకూ, ఇంజిన్ నడిపే దశకూ మధ్య మరొకటి చెబుతాయి: ఇంజిన్ అంటుకోకుండా ఇంధనాన్నో, ఇగ్నిషన్‌నో ఆపి, స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పడం. స్టార్టర్ వేగం ఐడిలింగ్‌లో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి పంపు చిలకకుండా ఆయిల్‌ను మాత్రం ముందుకు జరుపుతుంది. కొత్త పంపు వేసినప్పుడు ఇది నిజంగా పనికొచ్చే పద్ధతి. అయితే విడతకు ఐదారు సెకన్లకు మించకుండా, మధ్యలో స్టార్టర్ చల్లారనివ్వాలి.

ఇక ఇంజిన్. స్టార్ట్ చేసిన మొదటి కొన్ని సెకన్లలోనే మట్టం పడిపోతే వెంటనే ఆపి, నింపి, కొద్దిసేపాగి మళ్లీ మొదలుపెట్టాలి; ఇంజిన్ నడుస్తుండగా ఆదరాబాదరాగా పోయడం పనికిరాదు. మట్టం నిలబడ్డాక, ఇంజిన్ వేగం నిమిషానికి వెయ్యి చుట్లకు మించకుండా, స్టీరింగ్‌ను రెండు వైపులా నెమ్మదిగా తిప్పాలి. టయోటా మాన్యువల్స్ ఈ దశలో చివర రెండు మూడు సెకన్లు మాత్రమే పట్టి ఉంచమంటాయి. ఇంజిన్ ఆపి ఉండగా వాల్వులోని కొన్ని సన్నటి దారుల్లోంచి ఆయిల్ పారదు. అక్కడ మిగిలిన కొద్దిపాటి గాలిని కదపడానికి ఆ రెండు మూడు సెకన్లు చాలు. మిగతా గాలి ముందే పోయి ఉంటే ఇప్పుడు వచ్చే నురుగు పలచగా ఉండి, ఆపిన కొద్ది నిమిషాల్లో విడిపోతుంది. చిక్కటి నురుగు వస్తే ఆ రోజుకు ఇంజిన్ ఆపి, బండిని గంటపాటో, రాత్రంతానో వదిలి, మళ్లీ ఇంజిన్ ఆపిన దశ నుంచి మొదలుపెట్టడమే తక్కువ శ్రమతో అయ్యే మార్గం.

గాలి పోయిందో లేదో చెప్పడానికి చెవి కన్నా, చేతి కన్నా నమ్మదగిన పరీక్ష ఒకటుంది. ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా, స్టీరింగ్ తిన్నగా పెట్టి డబ్బాలో మట్టం ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలి. ఇంజిన్ ఆపి, కొన్ని నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంజిన్ నడుస్తున్నంతసేపు ప్రెషర్ వైపు చిక్కుకున్న గాలి అణిగి ఉంటుంది; ఆపగానే అది వ్యాకోచించి ఆయిల్‌ను డబ్బాలోకి నెట్టడంతో మట్టం లేస్తుంది. ద్రవం అంతగా అణిగేది కాదు కాబట్టి ఆ లేచిన మేరకు కారణం గాలే. టయోటా పెట్టిన హద్దు 5 మి.మీ. ఏడు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డబ్బాలో ఐదు మిల్లీమీటర్లంటే సుమారు 19 మి.లీ. అన్న సంగతి గమనిస్తే అది ఉదారమైన హద్దేనని తెలుస్తుంది. సరిగ్గా గాలి తీసిన బండిలో కదలిక కంటికి ఆనీఆననంత ఉండాలి.

మట్టం గుర్తుల విషయంలో మన ఎండలను లెక్కలోకి తీసుకోవాలి. ఆయిల్ ప్రతి డిగ్రీకి సుమారు 0.07 శాతం వ్యాకోచిస్తుంది. ఒక లీటరు ఆయిల్ యాభై డిగ్రీలు వేడెక్కితే 35 మి.లీ. పెరిగి, అదే ఏడు సెంటీమీటర్ల డబ్బాలో మట్టం తొమ్మిది మిల్లీమీటర్లు లేస్తుంది. చాలా డబ్బాల మీద చల్లటి గుర్తుకూ, వేడి గుర్తుకూ మధ్య దూరం దాదాపు ఇంతే. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో ఇంజిన్ స్టార్ట్ చేయకపోయినా ఆయిల్ చల్లగా ఉన్నట్టు లెక్క కాదు. అలాంటప్పుడు చల్లటి గుర్తు దాకా నింపితే తెల్లవారేసరికి మట్టం దిగి ఉంటుంది, వేడి గుర్తు దాకా నింపితే ప్రయాణంలో మూత సందుల్లోంచి పొంగుతుంది. పొంగిన ఆయిల్ బెల్టు మీద పడితే బెల్టు జారుతుంది, ఇంజిన్ పొగ బయటకు పోయే వేడి గొట్టం (ఎగ్జాస్ట్ మానిఫోల్డ్) మీద పడితే పొగతో ఆగకపోవచ్చు. ఉదయం పూట, రాత్రంతా ఆగి ఉన్న బండిలో మట్టం చూడటం వేసవిలో ఉత్తమం.

చేతి పద్ధతితో లొంగని బండ్లకు వాక్యూమ్ పద్ధతి ఉంది. డబ్బా నోటికి సరిపోయే రబ్బరు బిరడాకు చేతి వాక్యూమ్ పంపు తగిలించి, ఇంజిన్ ఆపి ఉంచి, పాదరసం కొలతలో 20 అంగుళాల దాకా లాగుతారు. అప్పుడు డబ్బాలో మిగిలే పీడనం వాతావరణ పీడనంలో మూడో వంతు. ఆ స్థితిలో ప్రతి బుడగా మూడింతల పరిమాణానికి ఉబ్బుతుంది, తేలే వేగం రెట్టింపవుతుంది. ఆయిల్‌లో కరిగి ఉన్న గాలి కూడా కొంత బయటకు వస్తుంది, దాంతో ఒక మూల మిగిలిపోయిన బుడగ ఏదైనా ఉంటే వాక్యూమ్ తీసేశాక ఆ ఆయిలే దాన్ని కరిగించుకుంటుంది. లాగేటప్పుడు నురుగు పైకి పొంగి పంపులోకి పోకుండా డబ్బాలో ఆయిల్ కొంత తక్కువగా ఉంచాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఈ పరికరం బ్రేక్ పని చేసేవారి దగ్గర ఎలాగూ ఉంటుంది. కావలసిందల్లా నోటికి పట్టే బిరడా. ఈ పద్ధతి మరో మేలు కూడా చేస్తుంది: లాగిన వాక్యూమ్ ఐదు నిమిషాల్లో కొద్దిగా తగ్గడం మామూలే, కానీ చూస్తుండగానే పడిపోతుంటే గాలి ఎక్కడి నుంచో లోపలికి వస్తున్నట్టు.

ఆ ఎక్కడో అన్నది చాలాసార్లు డబ్బాకూ, పంపుకూ మధ్య ఉన్న లావుపాటి రబ్బరు పైపు. ప్రెషర్ పైపు కారితే ఆయిల్ బయటపడి అందరికీ కనిపిస్తుంది. ఈ పైపులో మాత్రం ఇంజిన్ నడిచేటప్పుడు పీడనం బయటి కన్నా తక్కువ. పగులు ఉంటే ఆయిల్ బయటకు రాదు, గాలే లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క మరక కూడా లేని బండిలో రోజూ నురుగు పుడుతుంటే ముందుగా అనుమానించాల్సింది దీన్ని. ఏళ్ల వేడికి గట్టిపడిన రబ్బరు మీద స్ప్రింగ్ క్లిప్పు పట్టు వదులుతుంది, పంపు మూతి దగ్గర ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) చదునై సందు వదులుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ జాయింట్ల మీద అదే రకం ఆయిల్ కొద్దిగా పూసి చూస్తే, సందు క్షణకాలం మూసుకుని మూలుగు మారుతుంది. బెల్టు తిరిగే చోటు కాబట్టి చేతులు, దుస్తులు దూరంగా ఉంచాలి. ఓ-రింగ్, పైపు, క్లిప్పు మూడూ కలిపి మార్చినా పంపు ఖరీదులో చిన్న భాగమే అవుతుంది, అయినా పంపు తర్వాతే వీటి వంతు రావడం విచిత్రం. పంపు షాఫ్టు సీలు కూడా చాలా పంపుల్లో తక్కువ పీడనం వైపే ఉంటుంది. అది అరిగితే బండి నడిచేటప్పుడు గాలి లాగుతుంది, ఆగినప్పుడు పుల్లీ వెనక ఆయిల్ చెమ్మ కనిపిస్తుంది.

శబ్దాలన్నిటినీ గాలి ఖాతాలో వేయడమూ సరికాదు. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు వినిపించే బుస వాల్వు సందుల్లోంచి ఆయిల్ దూసుకుపోయే చప్పుడు, అది సహజం. తిప్పిన క్షణంలో కీచుమని అరిచేది జారుతున్న బెల్టు. గాలి చేసే మూలుగు ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతూ తగ్గుతూ, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు కూడా వినిపిస్తుంది, ఐడిలింగ్‌లో నెమ్మదిగా తిప్పితే స్టీరింగ్ చేతిలో చిన్నగా అదురుతుంది. డబ్బాలో తెల్లగా కనిపించేదంతా నురుగు కూడా కాదు. గాలి వల్ల పాలరంగు తేలిన ఆయిల్ బండిని ఒక రాత్రి కదపకుండా ఉంచితే అడుగు నుంచి పైకి తేటపడుతుంది. మర్నాటికి కూడా అలాగే ఉంటే అందులో నీరు చేరింది. వాన నీరు మూత సందులోంచి దిగిన బండ్లలో, వరదలో మునిగిన బండ్లలో ఇది కనిపిస్తుంది; ఎంతసేపు స్టీరింగ్ తిప్పినా ఆ నీరు పోదు కాబట్టి ఆయిల్ మొత్తం తీసి, ఇంజిన్ ఆపిన దశ నుంచి రెండు మూడుసార్లు కొత్తది నింపి దించాల్సి వస్తుంది.

లారీలు, బస్సుల్లో స్టీరింగ్ బాక్సు పెద్దది, డబ్బా నుంచి దూరం ఎక్కువ, ఆయిల్ కూడా ఎక్కువ. కొన్ని బాక్సుల పైభాగంలో గాలి చేరే మూల ఉంటుంది, అక్కడ బ్లీడింగ్ నిప్పిల్ ఇస్తారు; స్టీరింగ్ నెమ్మదిగా తిప్పుతూ, బుడగలు లేని ఆయిల్ వచ్చేదాకా దాన్ని వదులు చేసి బిగిస్తారు. నిప్పిల్ లేని బాక్సులకూ, కార్లకూ వరుస ఒకటే. పైపు, ఓ-రింగ్, సీలు అన్నీ సరిగా ఉండి, వాక్యూమ్ నిలిచి, మట్టం పరీక్షలో కదలిక లేకుండా ఉన్నాక కూడా మూలుగు ఆగకపోతే గాలి వెతుకులాట అక్కడితో ఆపి, పంపు విప్పి రెక్కలను, వాటి చుట్టూ ఉండే రింగును చూడాలి. చాలాకాలం నురుగుతో తిరిగిన పంపులో ఆ రింగు లోపలి వైపు అలలు అలలుగా అరిగి కనిపిస్తుంది.